తొమ్మిది జాకెట్లు

శ్రీకళ ఎవరికీ తేదీ చెప్పదు. గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు "ఎప్పటికిస్తవక్కా?" అంటే, "వచ్చే బుధవారం నించి ఆ పై సోమవారం లోపల" అంటుంది. ఆ మాట నచ్చక ఎల్బీనగర్‌లో ఆమె ఉండే వీధిలో సగం మంది వేరే టైలర్లను చూసుకున్నారు.

పదహారేళ్ళుగా కుడుతున్న చెయ్యి ఆమెది. ఐదేళ్ళ కిందట ఒంట్లో నొప్పులు మొదలయ్యాయి. ఒకరోజు భుజాలు, ఒకరోజు తొడలు, ఒకరోజు నిద్ర లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు. ఎక్స్‌రేలు తీయించారు, థైరాయిడ్ చూశారు. ప్రతిసారీ రిపోర్టుల్లో ఏమీ లేదన్నారు. "ఏం లేదన్నరు గద, ఇగ పరేషాన్ ఎందుకు," అనేవాడు భర్త జితేందర్. మూడేళ్ళు తిరిగాక ఒక డాక్టరమ్మ దాని పేరు ఫైబ్రోమయాల్జియా అని చెప్పింది. పూర్తిగా పోయేది కాదంది. మందులు రాసి, రోజూ కాస్త నడవమని చెప్పి, చివర్న ఇంకో మాట అంది. "బాగున్న రోజు రెండు రోజుల పని చెయ్యకమ్మా. తర్వాత నాలుగు రోజులు మంచం మీదుంటావు."

ఆ మాట పట్టుకుని శ్రీకళ తన పనిని మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంది. పొద్దున పది దాటి వేళ్ళు సాగాక కటింగ్. మిషన్ మీద అరగంట, ఆపైన లేచి ఇంట్లో నాలుగడుగులు. మిషన్ తొక్కలేని రోజు గోడకానుకుని హుక్కులు కుట్టడం, చీరలకు ఫాల్ వెయ్యడం. అదీ చేతకాని రోజు పడుకోవడమే. వారంలో రెండు రోజులు అలా పోతాయని ముందే వదిలేసుకుని, మిగిలినవాటికే పని ఒప్పుకునేది.

ఇదంతా అడిగి తెలుసుకున్నది బిందుమాధవి ఒక్కతే. కాకినాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బీమా ఆఫీసులో పనిచేస్తున్న అమ్మాయి. తండ్రి షష్టిపూర్తికి జాకెట్ కుట్టమని వాళ్ళమ్మ పాత పట్టుచీరలోంచి తీసిన గుడ్డ తెచ్చింది.

"ఇంకా నెల పైన ఉందండీ. మీకు ఓపికున్నప్పుడే కుట్టండి. కుదరదనిపిస్తే మాత్రం ఓ వారం ముందు చెప్పండి, చాలు," అంది.

అదే నెలలో జితేందర్ అక్క బాలలక్ష్మి కూతురు తన్మయి పెళ్ళి కుదిరింది. జాకెట్లన్నీ శ్రీకళే కుట్టాలన్నారు. వనస్థలిపురంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు శ్రీకళ తనే చెప్పింది. "వదినా, తొమ్మిది జాకెట్లంటే నాకు నలభై రోజులు కావాలె. పని ఇరవై రోజులదే. తక్కిన ఇరవై నొప్పులున్న నా పెయ్యి కోసం."

బాలలక్ష్మి సరేనంది. గుడ్డలు మాత్రం పెళ్ళికి పద్దెనిమిది రోజుల ముందు వచ్చాయి.

"లేటాయె. అయినా ఇంట్ల కూసొని కుట్టుడే గదనే," అంది. నాలుగు రోజుల తర్వాత మ్యాచింగ్ గాజులకూ లంగాలకూ దిల్‌సుఖ్‌నగర్ బజారుకు రమ్మంది. శ్రీకళ రానంది.

"ఇయ్యాల మంచిగనే ఉన్నవ్ గద, మొఖం కళగున్నది," అంది బాలలక్ష్మి. నిజమే, ఆ రోజు శ్రీకళకు బాగానే ఉంది. ఆ రోజును మూడు జాకెట్ల కటింగ్ కోసం దాచుకుంది. ఆ మాట చెబితే నవ్వుతారని చెప్పకుండానే వెళ్ళింది. నాలుగు గంటలు బజారులో నిలబడింది. మర్నాటి నుంచి మూడు రోజులు దుప్పటి తగిలినా ఒళ్ళు మండింది.

"నాలుగు జాకెట్లు బయట ఇద్దం. నా తోని కాదు," అంది భర్తతో.

"మా అక్క బిడ్డ పెండ్లి. ఇంట్ల టైలర్‌ను పెట్టుకొని బయటికిస్తే నా ఇజ్జత్ ఏం కావాలె? జర ఓపిక చేస్కో," అన్నాడు జితేందర్. కోపంగా కూడా అనలేదు.

ఆమె ఓపిక చేసుకుంది. మాత్రలు వేసుకుని గంటల తరబడి మిషన్ తొక్కింది. బిందుమాధవి గుడ్డను కత్తిరించి, మూటకట్టి పక్కన పెట్టింది. వారం ముందు ఫోన్ చెయ్యాలని గుర్తుంది. రేపు ఒళ్ళు తేలికైతే ఒక్క పూటలో అయిపోతుంది కదా అనుకుంది. ఆ రేపు రాలేదు.

షష్టిపూర్తికి రెండు రోజుల ముందు బిందుమాధవి వచ్చింది. మిషన్ చుట్టూ పెళ్ళి జాకెట్లు పరుచుకుని ఉన్నాయి. శ్రీకళ మూట తీసి చేతికిచ్చింది. అందులో ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి.

ఆ అమ్మాయి వాటిని, చుట్టూ ఉన్న జాకెట్లను చూసింది. "ముందే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదండీ," అంది.

"తప్పు నాదే అమ్మా."

"పర్లేదండీ. ఆరోగ్యం చూసుకోండి."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని శ్రీకళకు అనిపించింది. ఏ మాటా నమ్మని మనుషుల పని పూర్తిచేసి, నమ్మిన ఒక్క మనిషిని ఉత్త చేతులతో పంపింది.

తొమ్మిదో జాకెట్ పెళ్ళి ముందురోజు వెళ్ళింది. పెళ్ళిరోజు శ్రీకళ లేవలేకపోయింది. జుట్టు ముడేసుకోవడానికి చేతులు పైకి రాలేదు. జితేందర్ ఒక్కడే ఫంక్షన్ హాలుకు వెళ్ళి, సాయంత్రం బూందీ లడ్డూల సంచితో వచ్చాడు.

"అందరు నిన్నే అడిగిన్రు. మా అక్క ఒక మాటన్నది. తొమ్మిది జాకెట్లు కుట్టిన చేతులకు నాలుగు అక్షింతలు బరువైనయా అని. నవ్వలేక సచ్చినం," అన్నాడు, ఆమె కూడా నవ్వుతుందన్నట్టు చూస్తూ.

"నువ్వు గూడ నవ్వినవా?"

"ఊకె నవ్వులాటకన్నది. గంత మనసుకు తీస్కుంటవేంది?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

పన్నెండు రోజులు మిషన్ మీద గుడ్డ కప్పే ఉంది. ఆపైన ఒక ఆదివారం జితేందర్ వనస్థలిపురం నుంచి సంచి తెచ్చాడు. "రెండు టైటయినయంట. గురువారం ఒడిబియ్యం ఉన్నది, ఆలోపు లూజ్ చెయ్యమన్నది."

శ్రీకళ సంచి తెరవలేదు. "మూసారాంబాగ్‌ల నీ దుకాణం పక్కన టైలర్ ఉన్నడు గద. ఆయనకియ్యి."

"అక్కకేమని చెప్పాలె?"

"నేను చెయ్యనన్ననని చెప్పు. నొప్పి అని చెప్పకు."

అతను సంచిని బండికి తగిలించుకుని పోయాడు. పది రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. శ్రీకళకు పొగరెక్కిందని బాలలక్ష్మి చుట్టాలందరికీ చెప్పింది. వాళ్ళ జాకెట్లు రావడం ఆగిపోయింది.

నెల దాటాక కూరగాయల బండి దగ్గర బిందుమాధవి కనిపించింది. ఆ ముక్కలను చైతన్యపురిలో ఎవరో కుట్టిచ్చారట, చేతుల దగ్గర కొంచెం బిగుతైందట. శ్రీకళ సరిచేసిస్తానంది. ఈసారి చెప్పినట్టే ఇస్తానంది.

"అలాగేనండీ, చూద్దాం," అంది బిందుమాధవి నవ్వుతూ. టమాటాలు ఏరుకుని, వస్తానండీ అని చెప్పి వెళ్ళిపోయింది.

శ్రీకళ ఆ వారంలో ఒక పూట ఆ జాకెట్ కోసం ఖాళీగా ఉంచుకుంది. బిందుమాధవి రాలేదు. ఆ పై వారం కూడా ఉంచుకుంది.