దేవుని కుండ

ధనమ్మ అత్త మారెమ్మ పోయి ఏడాది నిండిన నాడు మొయినాబాదుకు బస్సు రాలేదు. తెలంగాణ కోసం పట్నం బంద్ అన్నారు. ఆ బస్సులోనే ధనమ్మ కొడుకు ప్రేమదాసు రావాలి. పట్నంలో కాలేజీ చదువుతున్న వాడే నాయనమ్మ జ్ఞాపకార్థ కూడికకు బియ్యం మూట తెస్తానన్నాడు. ఇక్కడ దుకాణాలన్నీ మూసే ఉన్నాయి.

ధనమ్మకు మూట మీద ధ్యాస లేదు. లాఠీలంటున్నారు, కాల్పులంటున్నారు. పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె మనసులో కొడుకును దవాఖానలో పండబెట్టింది, జైలుకూ పంపింది.

చేవెళ్ల నుంచి, కనకమామిడి నుంచి చుట్టాలు నడిచి వచ్చి పందిట్లో కూర్చున్నారు. పాటలయ్యాక పోయినావిడ సంగతి ఇంటివాళ్లు చెప్పాలి. ప్రేమదాసు లేడు గనుక ధనమ్మే లేచింది. రజాకార్ల కాలంలో జొన్నచేలల్లో దాక్కున్న మగవాళ్లకు అత్త గంపలో రొట్టెలు పెట్టి, పైన పేడ కప్పి మోసేదట. ఎదురైనవాళ్లు ముక్కు మూసుకొని తప్పుకునేవాళ్లట. తిన్నవాళ్లు మాత్రం ఒక్కనాడూ వాసన అనలేదట. పందిరంతా నవ్వింది. చెబుతున్నంతసేపూ ధనమ్మ చూపు బాట మీదే ఉంది.

ఇక భోజనాలు పెట్టాలి, బియ్యం లేవు. తనను తలుచుకోవడానికి వచ్చినవాళ్లు ఆకలితో పోవద్దని అత్త పోయే ముందు మరీ మరీ చెప్పింది. పాస్టరు పేతురు అయ్యగారు మూలనున్న కుండ వైపు చూశాడు. ప్రతి పూటా వండే ముందు ఏసయ్య గుడి పేరున పిడికెడు బియ్యం వేసే కుండ అది. ధనమ్మ చెయ్యి పిడికెడుతో ఆగేది కాదు. ఉరుముకొకటి, జ్వరానికొకటి, కొడుకు పట్నం పోయాక వాడు గుర్తొచ్చినప్పుడల్లా ఒకటి. గొడవలతో సంఘం కూడికలు ఆగిపోయి కుండ గుడికి పోలేదు. అది నిండి, పక్కన కాగు కూడా నిండింది.

"వద్దయ్యగారూ. అవి నా కొడుకు కోసం ఏసిన. తీస్తే వానికేమన్నయితది."

అయ్యగారు బలవంతపెట్టలేదు. భర్త సాలోమోను పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు. ఎండలో నడిచొచ్చిన ముసలి అంతమ్మ గుంజకు ఒరిగి కళ్లు మూసుకుంది. ధనమ్మకు అత్త మాట గుర్తొచ్చింది. కుండలో మూడో పిడికిలి పడ్డప్పుడల్లా ఆమె కోడలి భయం చూసి నవ్వేది: "నీ బుగులుతోటి ఊరంత తింటది పిల్లా. ఆకలి కడుపుల పడితేనే దేవునికి ముట్టినట్టు."

ధనమ్మ కుండ ఎత్తి చాటలోకి వంచింది. తరవాత కాగూ వంచింది.

అంతమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా ప్రేమదాసు వచ్చాడు. దోస్తు సైకిలు అడుక్కొని బయలుదేరితే, అజీజ్‌నగర్ దగ్గర టైరు పగిలి, అక్కడి నుంచి తోసుకుంటూ వచ్చాడు. ధనమ్మ వాడి తల, వీపు, మోచేతులు తడిమి చూసింది.

"బియ్యం దొరకలేదవ్వా," అన్నాడు వాడు తల్లితో.

"దొరికినయి తియ్యి. కాళ్లు కడుక్కో, తిందువు."

వాడికి వడ్డించి, చాటలో అడుగున మిగిలిన బియ్యం పిడికిట పట్టుకొని కుండ దగ్గరకు పోయింది.

"వచ్చిన గద, ఇంకెందుకే?"

"మళ్ల పోతవు గద," అంది ధనమ్మ, పిడికిలి విప్పుతూ.