మాల తీసిన మర్నాడు

తాగేవాళ్లు బతుకుతున్నారు, తాగనివాళ్లే పోతున్నారని లెక్క తేలింది. చోడవరం మండలం సర్వేలోంచి వచ్చిన లెక్క అది. ఆ సర్వే చేసింది రెజీనా.

ఐదేళ్ల కిందట ఆమె ఊరూరా తిరిగి వెయ్యిమంది మగవాళ్ల తాగుడు సంగతి రాసుకుంది. వాళ్లలో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇప్పుడు చూస్తే, లివరు చెడి పోయినవాళ్లలో 'తాగరు' అని రాసినవాళ్లే ఎక్కువ. విశాఖలో ఈ పరిశోధన నడిపే డాక్టర్ గౌరీశంకర్ ఫోన్లోనే తేల్చేశాడు. "తక్కిన మండలాల లెక్కలు సరిగ్గానే వచ్చాయి. నువ్వే ఫారాలు ఇంట్లో కూర్చుని నింపేసినట్టున్నావు. నెలాఖరు మీటింగులో చోడవరాన్ని తీసేస్తున్నాను."

రెజీనాకు ఒళ్లు మండింది. ఎండనక వాననక తిరిగిన తిరుగుడంతా గంగపాలు కావాలా? ఫారాల కట్ట తీసుకుని ముందుగా సన్యాసమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ భర్త పేరు 'తాగరు' జాబితాలో ఉంది, పోయింది మాత్రం లివరు జబ్బుతో.

"అప్పట్లో నేనొచ్చి ఈ నెల్లో తాగేరా అని అడిగితే లేదన్నారు గదా పిన్నీ. అబద్ధం సెప్పేరా?"

సన్యాసమ్మకు కోపం వచ్చింది. "అబద్ధమేటి? మాలేసుకున్నోడు తాగుతాడేటి? తాగుడు మానతాడని మేమే అయ్యప్ప మాల ఏయించేం. నలభైయొక్క రోజులూ సుక్క ముట్టలేదు. తీసిన మర్నాడే కొట్టు కాడికెల్లిపోయేడు."

రెజీనా ఫారం మీద తేదీ చూసింది. నవంబరు. మునిగిపోయేలా తాగేవాళ్లకే ఇళ్లలో పట్టుబట్టి మాల వేయిస్తారు. సరిగ్గా ఆ నెలలోనే వెళ్లి, ఆ నెల సంగతే అడిగింది తను. చర్చికి వెళ్లే తనకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుపడింది గానీ చతికిలబడలేదు. మూడు వారాల్లో 'తాగరు' అని రాసిన గడపలన్నీ మళ్లీ తొక్కింది. ఈసారి అడిగింది ఒకటే, మాల లేనప్పుడు ఏటి సంగతని.

నెలాఖరు మీటింగులో రెజీనా కొత్త లెక్క చదివింది. తాగేవాళ్ల చావులు తాగనివాళ్ల చావులకు రెట్టింపు దాటాయి. లివరు చెడి పోయినవాళ్లలో ఇద్దరు తప్ప అందరూ తాగినవాళ్లే.

గౌరీశంకర్ కాగితాలు రెండుసార్లు తిరగేసి తల ఎత్తాడు. "తక్కిన మండలాల్లో ఏ నెలలో అడిగారు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే అక్కడ సర్వే చేసినవాళ్లంతా భుజాలు తడుముకున్నారు. అన్నీ నవంబరే. నిజంగా వెళ్లి అడిగి ఉంటే అక్కడా లెక్క తిరగబడాలి, ఒక్కచోటా తిరగబడలేదు.

"అయితే చోడవరం ఒక్కటే ఉంటుంది. మిగతావన్నీ మళ్లీ చెయ్యాలి," అన్నాడాయన. "ఎలా అడగాలో రెజీనా గారు నేర్పుతారు."