యమున నౌకరి

రొట్టెలపిండి పిసుకుతూ కొడుకుచేత ఇంగ్లీషు అప్పజెప్పించుకోవడం యమునకు రెండు నెలలుగా అలవాటైన పని. అట్టముక్కలన్నీ స్టవ్వు పక్కన ఉప్పుడబ్బాకు ఆనించి పెట్టుకునేది. పిండి చేతులతో ముట్టుకుంటే మరకలవుతాయని మోచేత్తో ఒక్కొక్కటే పక్కకు జరిపేది. కొడుకు ప్రశాంత్ ముందుగదిలో మంచం మీద పడుకుని, ఫోన్ చూసుకుంటూ జవాబులు చెప్పేవాడు. హైదరాబాదులో ఏదో కంపెనీవాళ్ళు పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి ఒక విషయం ఇచ్చి మాట్లాడిస్తారట. పాతతరం పనిని ఎట్లా చూసింది, కొత్తతరం ఎట్లా చూస్తోంది అన్నది ఈసారి విషయం. కోచింగువాళ్ళు దానికి పనికొచ్చే ఇంగ్లీషు నుడికారాలు నలభై ఏరి ఒక కాగితం ఇచ్చారు. కాగితం చూస్తే బుర్రకెక్కడం లేదని ప్రశాంత్ అన్నాడు. పాత క్యాలెండరు వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా అని యమునే దాన్ని ముక్కలుగా కత్తిరించి, ఒక పక్క నుడికారం, రెండో పక్క అర్థం, ఒక వాక్యం రాసిపెట్టింది. కమాన్‌పూర్‌లో ఇంటర్ దాకా చదివింది. ఆమె అక్షరాలు గుండ్రంగా, ఎవరైనా చదువుకునేట్టు ఉంటాయి.

వేళ్ళు అరిగి ఎముక తేలేదాకా పనిచేయడాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగేది. "వర్క్ వన్స్ ఫింగర్స్ టు ద బోన్" అని వాడు చెప్పేవాడు. వాక్యం చెప్పమంటే గడగడా అందుకునేవాడు. "మై ఫాదర్ వర్క్డ్ హిజ్ ఫింగర్స్ టు ద బోన్ ఇన్ ద కోల్ మైన్స్."

"మీ నాయిన బొగ్గుబాయిల ఎప్పుడు చేసిండురా?" అంది యమున ఒకరోజు.

"ఇంటర్వ్యూల గట్లనే చెప్తరమ్మా. అమ్మ ల్యాంపురూంల చేస్తదంటే అదేందో వాళ్ళకు మళ్ళ సమజ్ చెయ్యాలె."

పెనం మీద రొట్టె మాడుతోంది.

నిజానికి ప్రశాంత్ తండ్రి కిషన్ గనిలో ఒక్క షిఫ్టు చేసినవాడు కాదు. ఆ సంగతి పెళ్ళిమాటల దగ్గర్నుంచీ చెప్పుకు రావాలి. యమున తండ్రి ఎల్లేశం బొగ్గు కోసిన మనిషి. ఆయనకు కొడుకులు లేరు, ఉన్నది ఈ ఒక్క బిడ్డ. ఈ బొగ్గుబెల్టులో కంపెనీ నౌకరిని పొలంలాగే ఇంటి ఆస్తి అనుకుంటారు. ఒంట్లో చేతగాక, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తే, ఆ నౌకరి ఇంట్లో ఇంకొకరికి వస్తుంది. అందుకని ఇరవయ్యారేళ్ళ కిందటే, ఎల్లేశం దిగిపోయిననాడు నౌకరి అల్లుడికేనని పెద్దమనుషులు తేల్చేశారు. తీరా ఆయనకు ఊపిరి అందక దిగిపోయేనాటికి అల్లుడికి నౌకరిలో చేరే వయసు దాటి ఎనిమిది నెలలైంది. బిడ్డకు దాటలేదు. అట్లా పన్నెండేళ్ళ కింద నౌకరి వచ్చి యమున ఒళ్ళో పడింది. కిషన్ ఆ ఎనిమిది నెలల్ని ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "నౌకరి నాదే, దీని పేరు మీద నడుస్తున్నది" అని నవ్వుతాడు. అత్త సారవ్వ నవ్వదు. యమున ఏదని వాకిట్లో ఎవరన్నా అడిగితే, "మా కిషన్ నౌకరి చెయ్యవోయింది" అని చెబుతుంది. సెంటినరీ కాలనీలో క్వార్టరు యమున పేరున ఇచ్చారు. గోడ మీద పేరు మాత్రం కిషన్‌ది. జీతం ఆమెది, ఏటీఎం కార్డు ఆయన జేబులో. కిషన్ జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు కింద కొన్నాళ్ళు చేశాడు, తర్వాత చౌరస్తాలో టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చోవడమే పనిగా పెట్టుకున్నాడు.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ల్యాంపురూంలో యమున పని. షిఫ్టు మారేవేళ నూటయాభై మంది కిటికీ ముందు నిలబడి జల్ది జల్ది అంటుంటే ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉండాలి. ఎవరి దీపం తిరిగి రాలేదో ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం పోశం అనే పెద్దాయన దీపం రాలేదు. అందరూ ఇళ్ళకు పోయే తొందరలో ఉన్నారు. ఆయన ముందే వెళ్ళిపోయి ఉంటాడన్నారు. యమున వినలేదు. షిఫ్టు చూసే ఓవర్‌మన్ వెంటపడి మనుషుల్ని మళ్ళీ కిందికి పంపించింది. షుగరు పడిపోయి దారిలో ఒక మూల సోయి లేకుండా ఉన్నాడట పోశం. దవాఖాన నుంచి వచ్చాక ఆయన పెండ్లాం ఇంటికి వచ్చి యమున చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె వెళ్ళిపోయాక, "నీ డ్యూటీయే అది గదా, అండ్ల ఏమున్నది" అన్నాడు కిషన్. అన్నం పెట్టమన్నాడు.

అట్టముక్కల్ని యమున డ్యూటీకి కూడా పట్టుకుపోయేది. షిఫ్టుకు షిఫ్టుకు మధ్య ఓ గంట ఖాళీ దొరికితే, కొడుకును అడగాల్సినవి తను ముందు చూసుకోవాలి కదా అని మొదలుపెట్టి, పదిహేను రోజుల్లో నలభై నేర్చేసుకుంది. ప్రశాంత్‌కు వాటిలో పాతిక కూడా నోటికి రాలేదు. కొత్తగా వచ్చిన అండర్‌మేనేజరు సుహాసిని విజయవాడవైపు పిల్ల. కిందికి దిగేముందు దీపం తీసుకోవడానికి వచ్చి, ఆ ముక్కలు చూసి ఆగింది. ఎవరికోసమని అడిగితే మా బాబుకని చెప్పింది యమున. సుహాసిని సరదాగా ఒకటీ రెండూ అడిగి, జవాబులు టకటకా వస్తుంటే దీపం బల్లమీద పెట్టేసి మరీ పదిహేను అడిగింది.

"భలే చెప్పారు యమునగారూ. కానీ వాక్యాలన్నీ కాగితంలోవే చెబుతున్నారు. మీ సొంతంగా ఒకటి చెప్పండి చూద్దాం."

యమున ఒకటి అల్లుకోబోయింది. సైరన్ మోగింది, సుహాసిని నవ్వి వెళ్ళిపోయింది. ఆ పిల్ల వెళ్ళాక యమున ముక్కలన్నీ మళ్ళీ మొదట్నుంచి చూసింది. తను చేత్తో రాసినవే, ఇంతకాలం గమనించలేదు. ఎముక తేలేదాకా పనిచేసింది తండ్రి. కిందినుంచి మెట్టుమెట్టుగా పైకొచ్చింది తాత. పాతకాలపు క్రమశిక్షణ బాసుది. కాలంతోపాటు నడుస్తున్నది కొడుకు. అమ్మ ఎక్కడుందా అని వెదికితే ముప్పైరెండో ముక్కలో దొరికింది. 'మై మదర్ ఈజ్ సెట్ ఇన్ హర్ వేస్.' మా అమ్మ పాత పద్ధతి వదలదు, చెప్పినా మారదు అని. యమునకు కోపం రావాలి, నవ్వొచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి వంట చేసి డ్యూటీకొచ్చి, తిరిగిపోయి మళ్ళీ పొయ్యి ముట్టించే పద్ధతి మార్చుకుంటే ఆ వాక్యం అప్పజెప్పేవాడికి అన్నం ఎవరు పెడతారో కోచింగువాళ్ళు చెప్పలేదు.

హైదరాబాదు నుంచి ప్రశాంత్ రెండోరోజే వచ్చేశాడు. ఉద్యోగం రాలేదు. ఇది మూడోసారి. వాడు ముఖం వేలాడేసుకుని పడుకుంటే యమునకు కడుపు తరుక్కుపోయింది, ఆ మాట దాచాల్సిన పనిలేదు. కన్నకొడుకు. కిషన్ మాత్రం కుదురుగానే ఉన్నాడు. ఫికర్ చెయ్యకురా, నౌకరి ఇంట్లోనే ఉన్నది కదా అన్నాడు. ఉపేందర్ అని ఆయన దోస్తు ఒకడున్నాడు, బోర్డు సంగతులన్నీ తెలిసినవాడు. యమునకు మోకాళ్ళు అరిగినయి, సర్వీసు ఇంకా పదిహేనేళ్ళు మిగిలున్నది, కాబట్టి బోర్డుకు పెట్టుకోవచ్చు, అన్‌ఫిట్ అయితే కొడుక్కి వస్తుందని అతను చెప్పాడట. చెప్పింది నిన్న కాదు, ఏడాది కిందట. యమునకే ఎవరూ చెప్పలేదు.

నాలుగేళ్ళుగా మోకాళ్ళు సలుపుతున్నాయని ఆమె మొత్తుకుంటే ఆ ఇంట్లో తల తిప్పి చూసినవాళ్ళు లేరు. "ఎవలకు నొస్తలెవ్వు" అనేది సారవ్వ. అట్లాంటిది ఇప్పుడు పొద్దున లేస్తే మోకాళ్ళ మాటే. ఇయ్యాల ఎట్లున్నయి అని కిషన్ అడిగేవాడు. నీళ్ళ బిందె ప్రశాంత్ ఎత్తేవాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, రెండు రోజులు ఆమెకు బాగానే అనిపించింది. ఇరవయ్యారేళ్ళలో ఒక మనిషి ఎట్లున్నవని అడిగితే ఎవరికైనా బాగానే ఉంటుంది. మూడోరోజు డ్యూటీ నుంచి వచ్చి గోడకు చేరగిలబడి నొప్పిమందు రాసుకుంటుంటే సారవ్వ వచ్చి, మెల్లగా, ప్రేమగానే, చేతిలోంచి ట్యూబు తీసుకుంది.

"ఇప్పుడు రాసుకోకు బిడ్డా. నొప్పి తగ్గితే బోర్డుల ఏం చూపెడ్తవ్?"

ఆ సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడారు. అందరూ అంటే ముగ్గురు. యమున చాయ్ పోస్తోంది. డాక్టర్ల ముందు ఎట్లా కుంటాలో కిషన్ నడిచి చూపించాడు. నువ్వింక ఇంట్ల హాయిగ ఉండు అన్నాడు. ఈ ఇంట్లో హాయి ఎక్కడుంటుందో యమునకు తెలుసు. వంగి ఊడ్వడం, కూర్చుని బట్టలుతకడం, అత్త కాళ్ళు పిసకడం, మూడుపూటలా వండి వార్చడం. బొగ్గుబాయికి అన్‌ఫిట్ రాసే బోర్డు ఉంది కానీ ఇంటిపనికి అన్‌ఫిట్ రాసే బోర్డు భూమ్మీద లేదు. అయినా ఆమె అడిగింది ఆ మాట కాదు. అన్‌ఫిట్ మీద వచ్చిన నౌకరిలో మొగపిల్లల్ని మొదట గని కిందికే దింపుతారు, చేస్తావా అని కొడుకును అడిగింది.

"ఆర్నెల్లు చేస్త. తర్వాత ఉపేందర్ కాక పైపని ఇప్పిస్తనన్నడు. నచ్చకపోతే రెండేండ్లకు వదిలేస్త. మీ లెక్క జీవితమంత ఒక్కదాన్నే పట్టుకొని కూసోదమ్మా మా తరం" అన్నాడు ప్రశాంత్. వాడి గొంతులో దురుసేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. పోతూ పోతూ, "పాస్ ద బ్యాటన్ అంటే గిదేనమ్మా" అని నవ్వాడు.

బోర్డు దరఖాస్తు మీద సంతకం పెట్టమన్నారు, పెట్టింది. ఎందుకు పెట్టావని నిలదీసేవాళ్ళు ఆమె స్థానంలో ఒకపూట చాయ్ పోసి చూడాలి. కానీ గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ బ్యాటన్ అట్టముక్క మనసులోంచి పోలేదు. వెనకవైపు అర్థం తనే రాసింది. రిలే పరుగులో తన వంతు దూరం పరుగెత్తాక కర్ర తర్వాతివాడి చేతికివ్వడం అని. తన వంతు దూరం అయిపోయాక. యమునకు నలభైయ్యారు. ఇంకా పదిహేనేళ్ళ దూరం మిగిలే ఉంది. పైగా అందుకునేవాడు రెండేళ్ళు పరుగెత్తి, నచ్చకపోతే కర్ర పక్కన పారేస్తానంటున్నాడు. వాడి తరం వాడిష్టం, తప్పుపట్టడానికి లేదు. ఆ ఇష్టం ఏదో తనకూ ఉండొచ్చుగదా అని ఆమెకు మొదటిసారి తోచింది. ల్యాంపురూం తనకు ఇష్టం. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. పేరు చెప్పకముందే మనిషిని బట్టి దీపం అందివ్వడం ఇష్టం. షిఫ్టు ముగిసి చివరి దీపం కూడా వచ్చాక, అందరూ పైకొచ్చారని తెలిసిన ఆ నిమిషం మరీ ఇష్టం.

బోర్డురోజున కిషన్ వెంట వచ్చాడు. దారిపొడవునా, ఎక్కడెక్కడ నొప్పి అనాలో, ఎప్పుడు గోడ పట్టుకోవాలో చెబుతూనే ఉన్నాడు. లోపలికి మాత్రం ఆయన్ని రానివ్వలేదు. ముగ్గురు డాక్టర్లున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఎక్స్‌రే లైటుకు పట్టి చూశాడు. మోకాళ్ళ అరుగుదల ఉన్నది నిజమే. ఎన్నాళ్ళ నుంచని అడిగితే నాలుగేళ్ళ నుంచని చెప్పింది. మందులేం వాడావంటే ట్యూబు పూసుకోవడం తప్ప ఏమీ వాడలేదంది. ఆయన కలం తీసుకుని, అలవాటుగా అడిగాడు.

"డ్యూటీ చెయ్యలేకపోతున్నవా అమ్మా?"

యమున కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"చేస్తున్న సార్. ఇంక చేస్త. నాకు అన్‌ఫిట్ వద్దు. నొప్పి తగ్గెతందుకు మందు రాసియ్యుండ్రి."

పెద్దాయన తలెత్తి ఆమెను, తర్వాత పక్కనున్న ఇద్దర్నీ చూశాడు. ఇన్నేళ్ళలో ఈ బోర్డుకు మందు కోసం వచ్చిన మనిషిని చూడలేదన్నాడు. నవ్వలేదు. ఫైలు మీద ఫిట్ అని రాసి, మందులచీటీ వేరే రాసిచ్చాడు. మెట్లెక్కడం తగ్గించమని, ఇంట్లో నేల మీద కూర్చుని చేసే పనులు మానెయ్యమని చెప్పాడు. సరేనంది యమున.

బయట కిషన్ నిలబడే ఉన్నాడు. ఆమె కుంటకుండా రావడం చూసి ముఖం చిట్లించాడు. ఏమన్నారని అడిగాడు.

"వాళ్ళేమంటరు. నేనే అన్న, నా నౌకరి నేను చేస్తనని."

కిషన్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కోపం వచ్చేలోపల కంగారొచ్చింది. "మరి పోరడు?" అన్నాడు.

యమున మందులచీటీ మడిచి పర్సులో పెట్టుకుంది.

"వాని మోకాళ్ళు మంచిగనే ఉన్నయి గదా" అంది.