చోన్‌జీ ఎడమకే

ఆత్మకూరులో బెల్టు పరీక్ష పెట్టిన సురేంద్రబాబు నా నడుముకున్న నీలం బెల్టు విప్పించి, అందరి ముందూ తెల్లబెల్టు కట్టించాడు. నేను చేసిన తప్పల్లా చోన్‌జీని కుడివైపు మొదలుపెట్టడం.

చోన్‌జీ అంటే టైక్వాండోలో కొత్తవాళ్లకు నేర్పే మొట్టమొదటి వరస. కొరియా మాటలో ఆకాశమూ భూమీ అని అర్థం. ఎడమకు తిరిగి, కిందనుంచి వచ్చే దెబ్బను ముంజేత్తో అడ్డుకోవాలి. ఆ తర్వాతే అడుగు ముందుకేసి గుద్దాలి. అన్ని దిక్కులకూ తిరిగి చివరికి మొదలుపెట్టిన చోటికే రావాలి. తెల్లబెల్టు వాడికి ఇంకేమీ తెలియకపోయినా, ముందు అడ్డుకోవాలన్న సంగతి తెలియాలి.

"ఉదయగిరోళ్లకు ఎడమ చెయ్యేదో తెలీదా పాపా? మీ మాస్టరుక్కూడా ఒకటి తీసకపో," అని సురేంద్రబాబు ఇంకో తెల్లబెల్టు నా మీదికి విసిరాడు. హాలంతా నవ్వింది. ఆ మాస్టరూ, నాకు నీలం బెల్టు కట్టిందీ మా నాయన డేవిడ్‌రాజేనని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. ఉదయగిరి కొండ కనబడేదాకా బస్సులో పళ్లు నూరుతూనే ఉన్నాను.

నా ఒళ్లు మరీ మండింది ఎందుకంటే, ఆ మనిషి చెప్పింది నిజం. ఫోన్లో ఎన్ని వీడియోలు చూసినా అందరూ ఎడమకే తిరుగుతున్నారు.

"నీకు నేర్పిన మాస్టరు ఎదురుగా నిలబడి చేసుంటాడు నాయనా. ఆయన ఎడమ నీకు కుడైంది. అంతే," అన్నాను ఇంటికి రాగానే.

"ఇన్నేళ్లు నేర్పినాను. ఇప్పుడు వాడొచ్చి నాకు ఎడమా కుడీ చెప్పాల్నా?"

"శనివారం నీ దగ్గర నేర్చుకునే పిల్లలు పరీక్షకు పోతా ఉండారు. కుడికి తిరిగితే అందర్నీ ఫెయిలు చేస్తాడు. నన్ను చేసినట్టే నవ్వులపాలు చేస్తాడు."

"చేస్తే చేయనీ. నువ్వా తెల్లబెల్టు ఇప్పి పొయ్యిలో పెట్టు."

రెండో బెల్టు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఆత్మకూరు పోయి కొట్లాడేవాడు తప్ప, చోన్‌జీ మాత్రం మార్చేవాడు కాదు. మా నాయన మొండితనం నాకు తెలియనిది కాదు.

తెల్లారి చర్చి ఆవరణలో పిల్లలు వరసగా నిలబడ్డారు. నాయన ఎప్పటిలాగే వాళ్లకు వీపు తిప్పి ముందు నిలబడ్డాడు. నేను తెల్లబెల్టుతోనే వెళ్లి ఆయన కుడిపక్కన నిలబడ్డాను.

"ఇప్పమన్నానా లేదా," అన్నాడు నావైపు చూడకుండానే.

"ఇప్పను."

"జుంబీ," అని అరిచాడు. సిద్ధంగా నిలబడమని ఆ మాటకు అర్థం.

ఆయన కుడికి తిరిగాడు. నేను ఎడమకు తిరిగాను. ఇద్దరం ముఖాముఖి అయ్యాం. ఇద్దరి ముంజేతులూ ఒకేసారి కిందికి దిగి ఠప్పున తగిలాయి. తర్వాతది గుద్దు. నేను ఆగాను. నాయన ఆగలేదు.

గుండెల మీద తగిలింది. మట్టిలో కూలబడ్డాను. కాసేపు ఊపిరాడలేదు. నాయన చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది గానీ, నన్ను లేపడానికి మాత్రం రాలేదు. ఏడుపు కంటే ముందు నాకు అసహ్యం వేసింది. సురేంద్రబాబు మీద కూడా అంత అసహ్యం వేయలేదు.

లేచి మళ్లీ అదే చోట నిలబడ్డాను.

"జుంబీ," అన్నాను. ఎడమకు తిరిగి చెయ్యి దించాను. పక్కన పాదాలు మట్టిలో రాసుకున్న చప్పుడు వినబడింది. పిల్లలంతా ఎడమకే తిరిగారు.

"ఎవురు చెప్పినార్రా మీకు?" అన్నాడు నాయన.

ఆయన ఇంకా నా ఎదురుగానే ఉన్నాడు. తర్వాతది గుద్దని ఆయనకూ తెలుసు.

పిడికిలి బిగించి అడుగు ముందుకేశాను. నాయన పక్కకు తప్పుకున్నాడు.