ఇంటాయన సంతకం

అత్త కాలికి నూనె రాస్తుండగా రోడ్డు అవతల బండల పాలిష్ మిషన్లు మొదలయ్యాయి. ఎనిమిదయిందన్నమాట. తొమ్మిదేళ్లుగా ఆ చప్పుడు మొదలయ్యేసరికి నేను ఫ్యాక్టరీ లోపల ఉండేదాన్ని. తడి బండ మీద అరచేయి జరిపితే వెంట్రుకంత పగులైనా నా వేళ్లకు తెలిసిపోయేది. బేతంచెర్ల నుంచి లారీ ఎక్కే ప్రతి బండా ముందు నా చేతి కిందుగా పోవాల్సిందే. పోయిన నెల దాకా.

అత్త హులిగెమ్మ బాత్రూములో జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉండాలన్నారు. మా ఇంట్లో ఎవరో ఒకరంటే నేనే. నా మొగుడు ఈరేష్ మా ఓనరు లారీయే నడుపుతాడు కాబట్టి, సెలవు సంగతి తను చెప్తానన్నాడు. పద్దెనిమిది రోజులు కర్నూలులో మంచం పక్కన నేల మీద పడుకుని తిరిగి పనికి వెళ్తే, మేనేజరు గేటు దగ్గరే ఆపేశాడు. ఇష్టపూర్వకంగా మానేస్తున్నానని నేనే రాసిచ్చానట.

"నేను రాసియ్యలేదు సార్."

"ఇంటాయన సంతకం పెట్టినాడు కదా లతమ్మా," అని జెరాక్సు కాగితం చేతిలో పెట్టాడు.

మా ఫ్యాక్టరీలో అదే పద్ధతి. ఆడవాళ్ల కాగితం ఏదైనా మొగుడో తండ్రో సంతకం పెట్టాలి. పనిలో చేరాలన్నా, సెలవు కావాలన్నా అంతే. పది చదివిన నేను, ఐదుతో ఆపేసిన ఈరేష్ గీసే వంకర గీతల కోసం లారీ వచ్చేదాకా ఎన్నిసార్లు కూర్చున్నానో. అందరం కూర్చునేవాళ్లం. నవ్వుకునేవాళ్లం కూడా.

ఇంటికొచ్చి అడిగితే ఈరేష్ అన్నం కలుపుకుంటూనే జవాబిచ్చాడు. "ఓనరే రాసియ్యమని అడిగినాడు. అమ్మను చూసుకునేకి మనిషి కావల్ల కదా. ఇంట్లో ఉంటే నీకూ సుఖమే కదమే." పప్పు బాగుందని కూడా అన్నాడు.

నాతో పనిచేసిన శివజ్యోతి ఒక పేరు చెప్పింది. కృష్ణవేణమ్మ. కర్నూలు లేబర్ ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. మందులకని చెప్పి, అత్తను పక్కింటి లక్ష్మక్కకు అప్పజెప్పి బస్సెక్కాను. కృష్ణవేణమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివి, తిప్పి వెనక కూడా చూసింది.

"దీంట్లో నీ సంతకం యాడుండాది?"

"లేదమ్మా. ఆడోళ్లవి ఇంటాయనే పెట్టల్ల మా దగ్గర."

ఆమె కళ్లజోడు తీసి నవ్వింది. "శానా మంచి పని చేసినారు తల్లీ. నీ సంతకం లేకుంటే నువ్వు మానినట్ల కాదు, వాళ్లు తీసేసినట్ల. నోటీసు ఇచ్చినారా? నిన్ను పిలిచి అడిగినారా? ఇదే రాద్దాం."

తొమ్మిదేళ్లు నన్ను మనిషిగా లెక్కపెట్టని పద్ధతే ఇప్పుడు వాళ్ల మెడకు చుట్టుకుంది. ఆమె అర్జీ రాసి, వేడి వేడి బొరుగుల ఉగ్గాని ముందు పెట్టి తినమంది. నా ముందు ఒకరు ప్లేటు పెట్టి ఎన్నేళ్లయిందో. కళ్లలో నీళ్లొస్తే మిరపకాయ బజ్జీ మీద నెట్టేశాను.

"ఒగటే చిక్కు," అంది చివర్లో. "నీకు తెలీకుండా పెట్టినాడని ఒకరు సాక్షి చెప్పల్ల. మీ ఆయన చెప్తాడా?"

అర్జీ మడిచి మందుల కవరులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి మందుల కవరు విప్పుతుంటే అర్జీ కింద పడింది. ఏందది, చదువు అంది అత్త. బండలు తోమే చేతులతో వండితే అన్నం దుమ్ము వాసనొస్తోందని తొమ్మిదేళ్లు అన్న అత్త. దాచే ఓపిక లేక మొత్తం చదివాను. అత్త తన కాలు వైపు చూసుకుంది.

"ఆసుపత్రిలో నా మంచం మిందనే పెట్టినాడు సంతకం. నువ్వు మందులకు పోయింటివి. లతకు చెప్పినావేమిరా అంటే, చెప్పేదేముండాదిలే అనె." మోచేతి మీద కాస్త పైకి లేచింది. "ఆ మాట యాడ చెప్పల్లో ఆడికి ఆటో పిలువు."

"నీ కాలు అత్తా..."

"కాలుతో చెప్తానా ఏంది?"

"ఆయప్ప లారీ పనీ పోతేనో?"

"పోతే ఇంట్లో ఉంటాడు. నన్ను చూసుకునేకి మనిషి కావల్లన్నాడు కదా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. చీర కొంగుకు చేతులు తుడుచుకుని, అర్జీ కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. తలెత్తేసరికి, పక్కన సాక్షి అని ఉన్న చోటికి అత్త అప్పటికే బొటనవేలు చాచి ఉంది.