వాగొడ్డున తెల్లటి మచ్చ

జిల్ తన వంటింటి బల్ల మీద ఆ రెండు యంత్రాల్నీ పక్కపక్కనే పెట్టి, పెళ్ళిచూపులకు పిలిచినంత హడావిడిగా నన్ను పిలిచింది. రెండూ చేత్తో పట్టుకుని చీకట్లో చూసేవే. ఒకటి చిన్నది, కోటు జేబులో పడుతుంది. రెండోది బరువు, ముందువైపు తిప్పుకోడానికి ఒక రింగు ఉంది. ఒంట్లోంచి వచ్చే వేడిని పట్టుకుని, ఎంత చీకటైనా సరే, ప్రాణమున్న ప్రతిదాన్నీ తెల్లగా చూపిస్తాయట. ట్రయల్ మీద తెప్పించుకుంది. నచ్చినది ఉంచుకుని రెండోది మర్నాడు వెనక్కి పంపెయ్యాలి.

అది 2016 నవంబరు ఆఖరు. మేముండేది నార్తాంప్టన్ బయట ఒక చిన్న పల్లెలో. జిల్ మా పక్కింటావిడ. అరవై దాటాయి, ఒంటరి మనిషి, క్రిస్మస్‌కి అమ్మడానికి పెద్దబాతుల్ని పెంచుతుంది. ఆ నెలలో నక్క వచ్చి వాటిని ఒక్కొక్కటిగా ఎత్తుకుపోతోంది. ఆవిడకి లైసెన్సున్న రైఫిల్ ఉంది, చిన్నప్పట్నుంచీ గురిచూసి కొట్టిన చెయ్యి. అయినా ఆవిడ మొహంలో ధైర్యం లేదు.

"నక్క తప్పించుకుపోతే పోనీ కిరణ్. నక్క కానిదాన్ని కొడతానేమోనని నా భయం. మా అన్నయ్య చీకట్లో తన పెంపుడు కుక్కనే కొట్టేశాడు. ఆ తర్వాత మళ్ళీ తుపాకీ ముట్టలేదు," అంది.

అందుకని ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. ముందు ఈ యంత్రంలో వేడి కనపడాలి. తర్వాత రైఫిల్ మీదున్న, చీకట్లో గురిచూసే నైట్ సైట్‌లో రెండు కళ్ళు మెరవాలి. రెండూ కుదిరితేనే నొక్కుతుంది. ఒకే వస్తువుని ఇద్దరం చెరో యంత్రంలోనూ చూస్తేగానీ వాటి తేడా తెలియదని, తెల్లవారుజామున తోడు రమ్మంది. నేను ఎనస్థటిస్టుని, మత్తిచ్చే డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్లో రోజంతా తెర మీద గీతలు చూస్తూ బతికేదాన్ని. కొత్త యంత్రమంటే నాకు చచ్చేంత సరదా. వస్తానన్నాను.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఇంట్లో ఉన్నది మా అత్తయ్య హైమావతి. రేపల్లె నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. కార్తీక మాసమంతా చీమను కూడా పక్కకు జరిపి నడిచే మనిషి. నక్కను చంపడానికి సాయం పోతున్నానంటే ఆ పూట అన్నం ముట్టదు.

కార్తీకం మా ఇంట్లో బాగానే రభస చేసింది. మొదటి రోజు ఆవిడ హాల్లో దీపం పెడితే స్మోక్ అలారం వీధంతా లేచేట్టు అరిచింది. అప్పట్నుంచీ దీపాలు పెరట్లోకి మారాయి. రోజూ నేను కాఫీ తాగుతూ వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. దీపం పెట్టి, ఆ వెచ్చదనం మీద అరచేతులు చాచి మూడుసార్లు కళ్ళకద్దుకునేది. ఆ చలిలో అదేం పట్టుదలో అని విసుక్కునేదాన్ని కూడా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నెమ్మదిగా అడిగింది.

"కిరణూ, రేపు పోలి పాడ్యమి. తెల్లారకముందే పారే నీళ్ళల్లో దీపాలొదలాలి. ఇక్కడ కాలవలాంటిదేవైనా ఉందా?"

"వెనకాల వాగుంది గానీ అత్తయ్యా, అంతా బురద. పొద్దున్నే సున్నా డిగ్రీలుంటుంది. మొన్నటి దగ్గే ఇంకా తగ్గలేదు మీకు. తలస్నానం, వాగూ ఏవీ వద్దు. బాత్ టబ్బులో వదిలెయ్యండి, దేవుడేం అనుకోడు."

"సరేలే అమ్మా," అంది.

నేను గెలిచాననుకున్నాను. మావారు జగన్మోహన్ ఆ రాత్రి హాస్పిటల్ డ్యూటీలో ఉన్నాడు. తెల్లవారుజామున బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాను. అత్తయ్య గది తలుపు వేసి ఉంది, లైటు లేదు. హాయిగా నిద్రపోతోందనుకుని బయటపడ్డాను.

జిల్ బాతుల షెడ్డు వెనకాల గడ్డిమోపుల మీద రైఫిల్ ఆనించుకుని కూర్చుంది. పొగమంచు పట్టింది. చందమామ లేదు. పొలం అక్కణ్ణుంచి కిందికి జారి వాగు దగ్గర ఆగుతుంది. ఆ వాగే మా పెరటి వెనకనుంచి కూడా పోతుంది. మామూలు కంటికి మాత్రం షెడ్డు గోడ తప్ప ఏమీ కనపడలేదు.

కాసేపు సరదాగానే గడిచింది. కంచె కింద కుందేళ్ళు చిన్నదాంట్లో బియ్యపు గింజల్లా కనపడ్డాయి. పెద్దదాంట్లో చూస్తే వాటి చెవులు తెలుస్తున్నాయి. చిన్నది చటుక్కున వెలుగుతుంది, వెడల్పుగా చూపిస్తుంది, కానీ దూరంగా ఉన్నదేదైనా దానికి ఒట్టి మచ్చే. పెద్దదాన్ని రింగు తిప్పి సర్దుకోవాలి. పైగా ఉండుండి టిక్కుమని దాని బొమ్మ ఒక క్షణం బిగుసుకుపోతుంది.

"ఇదేంటి, దీనికీ మత్తిచ్చారా?" అన్నాను. జిల్ నవ్వింది.

అంతలోనే ఎందుకో నాకు భయం వేసింది. ఆ తెరలో చెట్లూ నేలా అన్నీ బూడిదరంగు. ప్రాణమున్నది మాత్రం తెల్లగా, మొహం లేకుండా, పేరు లేకుండా ఉంది. గొర్రెకీ మనిషికీ అందులో తేడా ఏముంటుంది? ఆ మాట జిల్‌తో అనబోయి, పిరికిదాన్ననుకుంటుందని ఊరుకున్నాను.

బాతులు ఒక్కసారిగా గోల పెట్టాయి.

"వచ్చింది," అంది జిల్ గొంతు తగ్గించి.

నా చేతిలో చిన్నది ఉంది. గబగబా పొలమంతా చూశాను. వాగొడ్డున, వంగిన చెట్టు కింద, నేలకి కరుచుకుని ఒక తెల్లటి మచ్చ. అటూ ఇటూ కొద్దిగా కదిలి ఆగింది.

"అదిగో! ఆ చెట్టు కింద!" అన్నాను. నేనే చూపించాను. ముందుగా పట్టుకున్నానని గర్వపడ్డాను కూడా.

జిల్ ఆ యంత్రం లాక్కుని చూసింది. అవతల కాలిబాట కూడా లేదని, అక్కడికి ఎవరూ రారని తనలో తను అనుకున్నట్టుగా అని, రైఫిల్ మీదికి వంగింది. "పెద్దదాంట్లో చూడు. నక్క కాకపోతే వెంటనే చెప్పు."

నేను పెద్దది కంటికి ఆనించాను. మొత్తం మసక. రింగు తిప్పబోతే వేళ్ళు చలికి కొంకర్లు పోయాయి.

"కళ్ళు," అంది జిల్. "రెండు కళ్ళు. కిందుగా ఉన్నాయి. బాగా మెరుస్తున్నాయి."

రైఫిల్ దగ్గర చిన్న చప్పుడైంది. సేఫ్టీ మీట తీసిందని నాకు అర్థమైంది. వేడి కుదిరింది, కళ్ళూ కుదిరాయి. ఇక మిగిలింది నా మాట ఒక్కటే. బొమ్మ తేటపడుతోంది. గుండ్రటి తల, దాని ముందు బాగా తెల్లగా రెండు చుక్కలు. నక్కేనా? చెవులు ఏవీ?

టిక్. బొమ్మ బిగుసుకుపోయింది.

ఆపరేషన్ బల్ల మీద గుండె ఆగిన మనుషుల్ని చూశాను. ఎప్పుడూ ఇంత భయపడలేదు. అక్కడ నా చేతిలో మందులుంటాయి. ఇక్కడ ఆ యంత్రం ఎప్పుడు కదిలితే అప్పుడు చూడాలి.

బొమ్మ కదిలింది. ఆ మచ్చలోంచి రెండు సన్నటి పుల్లలు లేచాయి. తెల్లటి చుక్కల మీదికి చాపుకుని, వెనక్కి తల దగ్గరకు వెళ్ళాయి. మళ్ళీ చాపుకున్నాయి. మళ్ళీ తల దగ్గరకు.

నక్కకి చేతులుండవు. ఆ చేతులు నాకు తెలుసు. నెల రోజులుగా కిటికీలోంచి చూసి విసుక్కున్న చేతులవి.

"ఆగు! ఆగు! అత్తయ్య! మా అత్తయ్య!"

ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. ఆ క్షణాన ఒక్క ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు. జిల్‌కి తెలుగు రాదు. ఆవిడ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. భుజం పట్టుకుని లాగుదామంటే ఆ కుదుపుకే వేలు నొక్కుకుంటుందేమో. ముట్టుకోవడానికీ భయమే, ఊరుకోవడానికీ భయమే. పిచ్చిదానిలా "ఆగు, ఆగు" అని అరుస్తూనే ఉన్నాను.

జిల్ కదల్లేదు. కన్ను సైటులోంచి తియ్యలేదు. కాసేపటికి, నేనెప్పుడూ వినని గొంతుతో అంది.

"ఒక కన్ను వెళ్ళిపోతోంది."

నేను చూశాను. ఆ రెండు చుక్కల్లో ఒకటి రెండోదాన్ని వదిలేసి, నీటివాలున నెమ్మదిగా పక్కకు కొట్టుకుపోతోంది.

జిల్ వేలు తీసేసింది. సేఫ్టీ వేసింది. లోపలున్న తూటా బయటకు తీసి గడ్డిలో పడేసింది. నేను కిందికి పరుగెత్తాను. తడిగడ్డి మీద రెండుసార్లు జారిపడ్డాను. పడ్డ ప్రతిసారీ వెనకనుంచి చప్పుడు వినపడుతుందేమోనని ఒళ్ళు బిగుసుకుపోయింది, రైఫిల్ ఖాళీ అయిందని తెలిసి కూడా.

అత్తయ్య వాగొడ్డున గొంతుక్కూర్చుని ఉంది. ఒంటి మీద జగన్ మందపాటి చలికోటు. అందుకే ఒళ్ళంతా దాగిపోయి, మొహం, చేతులు మాత్రమే ఆ తెరలో వెలిగాయి. అరటి దొప్పలు దొరక్క నారింజపండు డిప్పల్లో నెయ్యి పోసి వత్తులు వెలిగించింది. ఒకటి ఒడ్డు దగ్గరే ఉంది. రెండోది దూరంగా మలుపు తిరుగుతోంది. పొగమంచులో ఆ సన్నటి వెలుగు పైనున్న మా కంటికి ఆనలేదు.

నన్ను చూసి ఆవిడ హడలిపోయింది. గబుక్కున లేచి, తడిజుట్టుని కోటు టోపీ కిందికి తోసేసుకుంది. జుట్టు చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వేణ్ణీళ్ళే పోసుకున్నానమ్మా, ఒట్టు. రెండే రెండు దీపాలు. నువ్వు లేచేలోగా వచ్చేద్దామనుకున్నాను. కోప్పడకమ్మా."

రైఫిల్ సంగతి ఆవిడకి తెలియదు. ఆవిడ భయమంతా నేనే. నేను ఆవిణ్ణి గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా పట్టుకోలేదు. ఊపిరి తీసుకుంటుంటే ఆవిడ వీపు నా చేతుల కింద పైకీ కిందికీ కదులుతోంది. అది ఆగకుండా కదులుతోందో లేదో చూసుకుంటూ నిలబడ్డాను.

"వణికిపోతున్నావేంటే తల్లీ? జ్వరమా?" అంది.

జిల్ దిగి వచ్చింది. చేతిలో తుపాకీ లేదు. దీపానికి అవతల నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అత్తయ్యనే చూస్తోంది. అత్తయ్య ఆవిడ మొహం చూసి ఇంకా కంగారుపడింది.

"ఆవిడ పొలంలో అడక్కుండా దిగానని కోపమొచ్చినట్టుంది. నాకా ఇంగ్లీషు రాదు. నా బదులు సారీ చెప్పమ్మా."

అత్తయ్య నా చెయ్యి పట్టి కుదిపింది. "చెప్పవే, బావుండదు."

"జిల్," అన్నాను ఇంగ్లీషులో, "మా అత్తయ్య మీకు సారీ చెప్పమంటోంది."

జిల్ ఆ బురదలోనే కూలబడి, చిన్నపిల్లలా పైకే ఏడ్చింది. అత్తయ్య భయపడి నా వెనక్కి వచ్చి నిలబడింది.

"అంత తప్పు చేశానా కిరణూ?" అంది.