గది మౌనం

నేను ఒక మైకును. గొంతు లేదు, ఉన్నదంతా చెవే. నా ముందుకొచ్చిన ప్రతివాడూ ముందు గొంతు సవరించుకుంటాడు. నిజం చెప్పేటప్పుడు మాత్రం ఎవరూ సవరించుకోరని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏదో కర్మాగారంలో రాగితీగ చుట్టించుకుని పుట్టాను. విశాఖపట్నంలో ఒక భక్తిగీతాల స్టూడియోలో పనిచేశాను. చరణానికీ చరణానికీ మధ్య గాయకుడు తబలావాణ్ని తిట్టే తిట్లు కూడా శ్రద్ధగా విన్నాను. స్టూడియో మూతపడ్డాక ఒక కాలేజీ మీడియా విభాగం నన్ను కొని, విద్యార్థులు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ తాళం తీయించింది అదే కాలేజీ లెక్చరరు నీలవేణి మేడమ్. పార్వతీపురం హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు ఆవిడ కాలేజీ స్థాయి కోర్సు మొదలుపెట్టారు.

"పదో తరగతికి డిగ్రీ పాఠాలా మేడమ్? రేపు అంగన్‌వాడీలో పీహెచ్‌డీ పెడదామా?" అన్నారు తోటి లెక్చరర్లు. ఆవిడ నవ్వి నన్ను సంచీలో వేసుకున్నారు.

పిల్లలు తీయవలసింది ఒక శబ్దచిత్రం, అంటే చెవులతో చూసే సినిమా. రిటైరైన డ్రాయింగు మేష్టారు జగ్గారావుగారిని ఆయన పాత గదిలోనే కూర్చోబెట్టి మాట్లాడించారు. హెడ్మాస్టరు లోకనాథంగారికి కూడా బొమ్మలు నేర్పింది ఆయనే. ఆ వారమే మేష్టారు ఆస్పత్రిలో చేరారు.

రికార్డింగులో ఆయన దగ్గులు తీసేసిన చోటల్లా మాటల మధ్య గోతులు మిగిలాయి. అవి పూడ్చడానికి అదే గదిలోని నిశ్శబ్దం ఒక నిమిషం కావాలి. కానీ పక్క తరగతిలో ఎక్కాలు, అవతల పద్యాలు, కిటికీ కింద కబడ్డీ! సాయంత్రానికి కాలేజీకి పంపకపోతే కోర్సు ఈ ఏడాదితో సరి. గడువు అడగడానికి మేడమ్ ఫోను పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లారు.

ఇక పిల్లల్లో పెత్తనం ఝాన్సీది. మేష్టారి ఫోటో చూస్తే పని బాగా సాగుతుందని బల్లమీద నిలబెట్టి, "అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించండర్రా!" అంది.

బడిలో ఆ మాటకు ఒక్కటే అర్థం. పిల్లలంతా లేచి, చేతులు కట్టుకుని, తలలు వంచారు.

అప్పుడే వరండాలో వెళ్తున్న లోకనాథంగారు కిటికీలోంచి చూశారు. వంచిన తలలు, ఎదురుగా మేష్టారి ఫోటో. ఏమీ అడగలేదు. కాసేపటికి లాంగ్ బెల్ మోగింది. సెలవెందుకని అడిగిన విద్యార్థి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. బడి క్షణాల్లో ఖాళీ అయింది.

"ఒరే, ఎవులూ కదలకండి!" అంటూ ఝాన్సీ నన్ను ఆన్ చేసింది. నాకు దొరికింది: ఫ్యాను తిరిగే చప్పుడు, చూరులో పిచ్చుక, రంగు వెలిసిన పాత గోడల ఊపిరి.

నిమిషం పూర్తవుతుండగా తలుపు దగ్గర లోకనాథంగారు.

"ఎప్పుడమ్మా?"

"ఏటి సార్?"

"మేష్టారు... ఎప్పుడు పోయారు?"

"మేస్టారు పోడమేటి సార్! పొద్దున్న ఫోన్లో డాక్టర్ని ఒకటే తిట్టడం, ఉప్పు నేని కూర పెడతన్నారని!"

ఆయన పిల్లల బెంచీ మీదే కూలబడ్డారు. ఒక పెద్ద శ్వాస విడిచారు. అంతమంది పాటగాళ్లను విన్నాను గానీ, అంత నిండు శ్వాస వినలేదు.

గడువు ఇవ్వలేదంటూ తిరిగొచ్చిన మేడమ్‌కి అసలు గడువుతో పనే లేకపోయింది.

"బడికి సెలవెందుకిచ్చావని పైవాళ్లు అడిగితే ఏం చెప్పను మేడమ్?"

"మౌనం సరిపోలేదని చెప్పండి సార్."

శబ్దచిత్రం సాయంత్రానికి కాలేజీకి వెళ్లింది, పాసైంది. కోర్సు నిలిచింది. కాలేజీ నన్ను బడికే వదిలేసింది. ఇప్పుడు డ్రాయింగు గది అలమరలో ఉంటున్నాను. తాళం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక మేష్టారు ఆ గదిలోనే కూర్చుని మొదటినుంచీ విన్నారు. తన మాటలన్నీ అయిపోయాక, ఝాన్సీ తీసేయకుండా ఉంచిన ఆ శ్వాస వినబడింది.

"చివర్న ఆ ఊపిరి ఎవులిదే?"

ఝాన్సీ పక్కనే కూర్చున్న హెడ్మాస్టరుగారి వైపు ఓరగా చూసింది. లోకనాథంగారు కిటికీ దగ్గరకు వెళ్లి, కబడ్డీ ఆడుతున్న పిల్లల్ని ఎందుకో గట్టిగా కేకలేశారు.